రెండు తలుపుల చర్చికి ఒక వైడ్ లెన్సు

కడప జిల్లాకు కెమెరా పట్టుకుని వెళ్తున్నానంటే హైదరాబాదులో మిత్రులు నవ్వారు. "కెమెరా ఎందుకు, హెల్మెట్ తీసుకుపో" అన్నాడొకడు. "ఎలక్షన్ల ముందు ఆ వైపు ఎవడన్నా పోతాడా?" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ కర్నూలు దాటి కిందికి దిగినవాళ్ళు కాదు. నేనూ అంతే. తెనాలి వాణ్ణి. మా వైపు వాళ్ళకు రాయలసీమ అంటే సినిమాల్లో గాల్లోకి లేచే సుమోలే. వెళ్ళొచ్చాను. సుమోలు పెళ్ళిళ్ళకు పోతూ కనపడ్డాయి. బాంబు ఒక్కటీ కనపడలేదు. కనపడ్డదేమిటో రాస్తున్నాను, చదివాక కూడా నవ్వొస్తే మీ ఇష్టం.

ఎర్రగుంట్ల

రైలు దిగేసరికి తెల్లవారుతోంది. సిమెంటు దుమ్ము చెట్ల మీద, లారీల మీద, టీ కొట్టు బల్ల మీద ఒకే తీరున పరుచుకుని ఉంది. నా సామాను రెండు నల్ల పెట్టెలు, ఒక ట్రైపాడ్. తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన టీ తాగుతూ నా పెట్టెల వంక చూసి చూసి, "ఏందప్పా అవి? ఓట్ల మిషన్లా?" అని అడిగాడు.

"కాదండీ, కెమెరా."

"కెమెరాకు అంత పెట్టెలా? మా అల్లుని సెల్లోనే ఉండాదే కెమెరా!" అని పక్కవాళ్ళ వైపు తిరిగి, "అండీ అంటాండాడు, కోస్తా మనిషి" అని నన్ను పరిచయం చేశాడు. నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు, వద్దన్నా వినలేదు. తర్వాత తాపీగా, "ఎవురి మనిషివి?" అని అడిగాడు. మా తెనాలిలో కొత్తవాణ్ణి ఏ ఊరని అడుగుతారు, కాస్త చనువుంటే ఇంటిపేరు అడుగుతారు. ఎవరి మనిషివని నన్ను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు. ఎవరి మనిషినీ కాదు, నా పని మీద వచ్చానన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

పెట్టెల్లో ఏముందో ఇక్కడే చెప్పేస్తాను, తర్వాతి గొడవంతా దాని మీదే. పాత రాతి కట్టడాల గురించి పుస్తకం వేస్తున్న ఒక సంస్థకు నేను ఫోటోలు తీస్తున్నాను. అందుకు వాడే దాన్ని టెక్నికల్ కెమెరా అంటారు. ముందు లెన్సు, వెనక ఫిల్ము బదులు డిజిటల్ బ్యాక్ అనే దిమ్మ, మధ్యలో ఆ రెండింటినీ వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టి ఉంచే లోహపు చట్రం. అంతే కెమెరా. ఇరుకు గది మొత్తం పడాలంటే వైడ్ లెన్సు కావాలి. వైడ్ లెన్సు బ్యాకుకు దాదాపు ఆనుకుని కూర్చుంటుంది. అందువల్ల వెలుగు నడుమ నిటారుగా పడుతుంది, అంచుల్లో బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకు ఏటవాలు వెలుగుతో పేచీ లేదు. డిజిటల్ బ్యాకుల్లో కొన్ని ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. ఓర్చుకోనిదాన్ని తగిలిస్తే ఫోటోకు ఒక పక్క ఆకుపచ్చ జీర, ఇంకో పక్క గులాబీ జీర తేలుతుంది. విడివిడిగా చూస్తే లెన్సూ మంచిదే, బ్యాకూ మంచిదే. రెండింటికీ పడదు.

నా సొంత బ్యాకు నా లెన్సుతో ఏళ్ళ తరబడి చక్కగా కాపురం చేసింది. సరిగ్గా ప్రయాణానికి ముందు పాడైంది. చెన్నైలో అద్దెకిచ్చే దుకాణం వాడు కొత్త రకం చేతిలో పెట్టి, "దీనిలో పిక్సెళ్ళు రెట్టింపు సార్" అన్నాడు. నా లెన్సుకు పడుతుందా అంటే, ఏ లెన్సుకైనా పడుతుందన్నాడు. ఎంత మాట! పిక్సెళ్ళు చిన్నవయ్యేకొద్దీ ఏటవాలు వెలుగు వాటిలోకి దిగదు, పక్కదానిలోకి ఒలుకుతుంది. ఆ ఒలికిందే జీర. దీనికి విరుగుడు ఉంది. పాల రంగు ప్లాస్టిక్ పలక ఒకటి లెన్సుకు అడ్డం పెట్టి, మరేమీ కదపకుండా ఇంకో ఫ్రేము తీయాలి. అందులో జీరలు తప్ప ఏమీ పడవు. కంప్యూటరు దాన్ని చూసుకుని అసలు ఫోటోలోంచి జీరలు తీసేస్తుంది. ఆ పలక నా జేబులోనే ఉంది కాబట్టి ధైర్యంగా బస్సెక్కాను.

ప్రొద్దుటూరు

ఈ ఊళ్ళో బంగారం అంగళ్ళు చూసి మా ఊరి సెంటరు గుర్తొచ్చి సిగ్గేసింది. లాడ్జి కింద హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. బొరుగులు నానబెట్టి తిరగమోత వేసి పైన పప్పుల పొడి చల్లుతారు. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం, ఇక్కడ పొద్దున్నే కడుపు నింపే టిఫిను. బిల్లు చూసి హైదరాబాదు మీద కోపమొచ్చింది, బజ్జి కొరికాక ప్రొద్దుటూరు మీద కోపమొచ్చింది. నా కళ్ళనీళ్ళు చూసి సర్వరు అడక్కుండానే ఇంకో గ్లాసు మజ్జిగ పెట్టాడు.

సంస్థ వాళ్ళు చెప్పిన కలర్ ల్యాబు ఖాదర్ వలీ అనే ఆయనది. నలభై దాటిన మనిషి, అన్నదమ్ములంతా కువైట్‌లో, తనొక్కడే ఇక్కడ. పెళ్ళి ఆల్బములు ఆయన అసలు వ్యాపారం, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. అన్ని పార్టీల నాయకులూ ఆయన గోడకు ఆనించి వరసగా చేతులు జోడించి ఉన్నారు.

"ఒకళ్ళవి పొద్దున ఇస్తా, ఇంకొకళ్ళవి సాయంత్రం" అన్నాడు ఖాదర్. "రెండు పార్టీలోళ్ళు ఒకేసారి అంగట్లో ఉండకూడదు సార్. అది నా రూలు. మా నాయన నుంచి వచ్చాండాది."

నేను వెళ్ళాల్సిన ఊరి పేరు చెప్పగానే, "ఆ రెండు తలుపుల చర్చా?" అన్నాడు. "గోడలు తీసుకుని వచ్చెయ్ సార్. మనుషుల్ని తీయబాక. గోడలకు పార్టీ లేదు. మనిషి పడినాడంటే ఎవురు ముందర, ఎవురు యెనక, ఎవురు పెద్దగా పడినారు, అన్నీ లెక్కే."

నేను ఆర్కిటెక్చర్ ఫోటోగ్రాఫరునని, మనుషుల జోలికి పోనని గొప్పగా చెప్పాను.

జమ్మలమడుగు అవతల

ఊరి పేరు రాయవద్దని అక్కడి చర్చిని చూసుకునే టీచరమ్మ అడిగింది, రాయను. జమ్మలమడుగులో ఆటో ఎక్కి పెన్న పక్కనే పోతే వస్తుంది, ఆ రోజుల్లో వచ్చేది. పెన్నకు అడ్డం కట్టిన రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోవాల్సిన ఊరు. ప్రతి ఇంటి గోడ మీదా సర్వే వాళ్ళు సున్నంతో నంబరు వేసి వెళ్ళారు. చర్చి మీద కూడా వేశారు.

తెల్లదొరలు మిషన్ నడిపిన కాలంలో నల్ల నాపరాళ్ళతో కట్టిన చిన్న చర్చి అది. తాళం చెవి రాహేలమ్మ గారి దగ్గర ఉంటుంది. మిషన్ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయింది. ఊరంతా టీచరమ్మ అంటుంది. నేను దిగగానే పెట్టెల సంగతి కూడా అడగకుండా సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే మా వేరుశనగ పచ్చడి లాంటిది, పెట్టింది. సంగటి ముద్ద నమలకూడదట, మింగాలట. నేను నములుతుంటే, "మీ తట్టు అన్నం తిని తిని పండ్లకు అలవాటైపోయింది నాయనా" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

చర్చికి వెనక మామూలు తలుపు ఉంది. పక్క గోడలో ఇంకొక తలుపు ఉంది, దాని చుట్టూ రాళ్ళు మొరటుగా పగలగొట్టి ఉన్నాయి. అది ఒకప్పుడు కిటికీ అని చూస్తేనే తెలుస్తోంది. నాకు చిరాకేసింది. వందేళ్ళ రాతి పనిని ఇలా ఎవరు చెడగొట్టారని అడిగాను.

ఆమె చాపమీద కూర్చుని చెప్పింది. "ఊరికి రెండు వీధులు. తూర్పు వీధి ఒక రెడ్డి కింద, పడమటి వీధి ఇంకొక రెడ్డి కింద. చేసేది కూలి పనే. వాళ్ళ చేన్లలో పని చేసినోళ్ళం వాళ్ళ కొట్లాటలూ చేసినాం. నేను పుట్టింది తూర్పు వీధి. మా ఆయన దానియేలుది పడమటి వీధి. ఒకనాడు సంత నుంచి వస్తాంటే వాగుకాడ ఆయన్ను చంపినారు. కేసులో మా తమ్ముని పేరు పెట్టినారు, యేసురత్నం. సాక్షులు తిరగబడినారు, కేసు కొట్టేసినారు. ఆ తర్వాత ఒక తలుపులో నుంచి రెండు వీధులోళ్ళు రారని కిటికీ పగలగొట్టినారు."

"మీ తమ్ముడే చేశాడా?" అని అడిగేశాను. అడగకూడదని నోరు జారాక తెలిసింది.

"నేను అడగలే. వాడు చెప్పలే" అంది.

మా తెనాలి వైపు చర్చిల్లో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. ఇక్కడ తూర్పు ఒక పక్క, పడమర ఒక పక్క. నెలకోసారి జమ్మలమడుగు నుంచి వచ్చే పాస్టరు గారు, సంఘమంతా ఒకే రొట్టె, ఒకే గిన్నె పంచుకోవాల్సిన ప్రభువు బల్లకు రెండు గిన్నెలు తెస్తాడట. ఒకే రొట్టె రెండు పళ్ళేల్లో. ఆయన్ని నేను కలవలేదు, కలిస్తే ఏమనేవాణ్ణో తెలియదు.

ఖాళీ చర్చిని సాయంత్రం దాకా ఫోటో తీసుకున్నాను. పుస్తకంలో ఆ ఫోటోనే వచ్చింది. పెట్టె సర్దుతుంటే టీచరమ్మ అడిగింది.

"నాయనా, నీకు కావాల్సింది తీసుకున్నావు. నాకు ఒకటి తీసియ్యి. మనుషులతో. నీళ్ళొచ్చినాక తూర్పోళ్ళకు ఒక కాలనీ, పడమటోళ్ళకు ఒక కాలనీ. మళ్ళా ఒక కప్పు కింద కూర్చునేది లేదు. అందరూ ఒకే ఫోటోలో ఉండాల. రెండు వీధులోళ్ళనూ ఒప్పించినా. మా తమ్ముడు ఒక్కడే మిగిలినాడు. వాడు రాకపోతే తూర్పు వీధి రాదు."

ఖాదర్ మాట గుర్తొచ్చింది. కానీ ఆమె ముఖం చూస్తూ కాదనడం నావల్ల కాలేదు. కెమెరాను ప్రసంగ పీఠం వెనక గోడకు ఆనించి చూశాను. మామూలు లెన్సు పెడితే ఏదో ఒక వీధి తెగిపోతోంది. నా దగ్గరున్న అన్నింటికంటే వెడల్పు లెన్సు పెడితేనే రెండు తలుపులూ, రెండు వీధులూ పడతాయి. ఆ లెన్సుకే ఈ బ్యాకు బొత్తిగా పడదు.

పులివెందుల

మర్నాడు ఆమెతోపాటు బస్సెక్కాను. ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటు గొట్టాలు చాలాసేపు మా వెంటే వచ్చాయి. పులివెందుల దగ్గర పడేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా చీనీ తోటలు, మేం బత్తాయి అనేవే, పచ్చగా, నిండుగా. ఇంత అందమైన తోటలున్న చోటి గురించి మాకెవరూ ఎప్పుడూ తోటల మాట చెప్పలేదు.

బస్టాండు ముందు ఒక పెద్ద ఫ్లెక్సీ. పెళ్ళికొడుకును ఆశీర్వదిస్తూ ఇద్దరు పెద్దమనుషులు పక్కపక్కనే నవ్వుతున్నారు. టీచరమ్మ ఆగి, వేలు పెట్టి చూపించింది. "ఈయన మా తూర్పు వీధి రెడ్డి. ఆయన పడమటి వీధి రెడ్డి. ఇద్దరూ కలిసి కంకర క్వారీ పెట్టినారు." నాకు అక్కడే ఆ ఫ్లెక్సీ చించెయ్యాలనిపించింది. ఆమె ఆ సరికే ముందుకు నడుస్తోంది.

యేసురత్నం తూర్పు రెడ్డి తోటకు కాపలా ఉంటున్నాడు. తోట మధ్యలో రేకుల గది. సన్నగా, ఎండిపోయినట్టున్నాడు. నేను ఎలాంటి మనిషిని ఊహించుకుని వచ్చానో చెప్పడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది. అక్కను చూసి లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక మూడు చీనీ కాయలు కోసి రసం పిండి స్టీలు గ్లాసుల్లో పోశాడు. ఫ్యాక్షన్ ఊళ్ళల్లో అవతలి వాళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా తాగరట. నేను నాది తాగేశాను. ఆమె గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చుంది.

"అక్కా, నేనొస్తే పడమటోళ్ళు గమ్మునుంటారా?"

"నీ తట్టు నువ్వు కూర్చో. వాళ్ళ తట్టు వాళ్ళు కూర్చుంటారు. నేను నడుమ నిలబడతా."

"నడుమ యాలక్కా? మా తట్టు కూర్చోరాదా?"

"నీ తట్టు కూర్చుంటే మీ బావ తట్టు ఎవురు కూర్చుంటారు?"

అతను తలొంచుకున్నాడు. తర్వాత మంచి చొక్కా ఉందో లేదో చూస్తానని ట్రంకు పెట్టె తెరిచాడు. బట్టల మీద రెండు పార్టీల కండువాలు ఉన్నాయి, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. నేను చూడటం చూసి, "పోయిన ఎలక్షన్లో మేం ఆకుపచ్చ అప్పా" అన్నాడు. "మా రెడ్డి ఇటు దూకినాడు, ఆ రెడ్డి అటు దూకినాడు. కండువాలు మారినాయి. మా రెండు వీధులకు మాత్రం ఇంకా మాటలు ల్యావు." నవ్వుతూ చెప్పాడో, ఏడుస్తూ చెప్పాడో తెలియలేదు.

లేచేముందు ఆమె రసం తాగింది. గ్లాసు కింద పెట్టకుండా తమ్ముడి చేతికే ఇచ్చింది.

ఆదివారం

అందరూ వచ్చారు. తూర్పు వీధి పగలగొట్టిన తలుపులోంచి, పడమటి వీధి అసలు తలుపులోంచి. ఇస్త్రీ చొక్కాలు, తెల్ల చీరలు, నూనె రాసిన తలలు. యేసురత్నం మొదటి వరసలో కూర్చున్నాడు, ట్రంకు పెట్టెలోని మడతలు చొక్కా మీద అలాగే ఉన్నాయి. అవతలి పక్క మొదటి వరసలో చనిపోయిన దానియేలుకు సొంత అన్న కూర్చున్నాడు, తెల్లమీసాల ముసలాయన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు గానీ, ఇద్దరూ ఉన్నారు. నడిమి దారిలో టీచరమ్మ నిలబడింది. పసిపిల్లలు కూడా ఏడవడం లేదు.

కదలవద్దని చెప్పి షట్టరు నొక్కాను. ఎక్స్‌పోజరు కాస్త పొడుగు. అంతసేపూ ఆ ఊరు మొత్తం ఒక కప్పు కింద ఊపిరి బిగబట్టి కూర్చుంది. నా వృత్తిలో అంత తృప్తి నాకెప్పుడూ కలగలేదు. ఇంతలో తూర్పు వీధి పెద్ద ప్రకాశం అనే ఆయన లేచి, "యాడ, చూపియ్యప్పా" అన్నాడు. వెంటనే పడమటి నుంచీ లేచారు. తెల్ల పలక ఇంకా జేబులోనే ఉంది. ఒక్క నిమిషం ఆగండి అన్నాను. ఎవరూ ఆగలేదు. లాప్‌టాప్ కెమెరాకు వైరుతో కలిపి అప్పటికే పీఠం మీద తెరిచి ఉంది, ఫోటో దానంతటదే వచ్చి పడింది.

నడుమ టీచరమ్మ, ఆమె తెల్ల చీర, ఉన్నదున్నట్టు. ఒక అంచున పడమటి వీధి గులాబీగా. రెండో అంచున తూర్పు వీధి, ముఖాలూ చొక్కాలూ గోడా అన్నీ ఆకుపచ్చగా.

ప్రకాశం దగ్గరగా వంగి చూశాడు. "ఇదేంది? మమ్మల్ని ఆకుపచ్చ జేసినావు?"

"అది లెన్సు వల్ల వచ్చిన రంగండీ. ఈ బ్యాకుకూ ఈ లెన్సుకూ పడదు..."

"ఎలక్షన్ల ముందర మా వీధినంతా వాళ్ళ పార్టీ రంగులో ముంచి యాడ అతికిస్తావు? ఎవురి దుడ్లు తిన్నావు?"

పడమటి వైపు నుంచి ఎవరో కుర్రాడు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతో అయిపోయింది. తూర్పు వీధి మొత్తం లేచింది. నేను కంగారులో జేబులోంచి పలక తీసి లెన్సుకు అడ్డం పెట్టి, ఇదిగో ఇలా తెల్లది అడ్డం పెడితే రంగు పోతుందని అరిచాను. "మొగాల మీద తెల్లది కప్పుతావా? మేమేమన్నా పీనుగులమా?" అని ఒక ముసలామె శాపనార్థాలు మొదలుపెట్టింది. వెలుగు ఏటవాలుగా పడటం గురించి ఆ గోలలో చెప్పబోయిన నన్ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యేసురత్నం ఒక్కడే కూర్చున్న చోటు నుంచి, "పోయిన ఎలక్షన్లో మనం ఆకుపచ్చే గదా మామా" అన్నాడు. ప్రకాశం అతని వైపు చూసిన చూపుకు అతనూ లేచాడు. రెండు తలుపుల్లోంచి రెండు వీధులూ వెళ్ళిపోయాయి. యేసురత్నం అటునుంచి అటే పులివెందుల బస్సుకు వెళ్ళాడని తర్వాత తెలిసింది.

టీచరమ్మ నిలబడిన చోటే నిలబడి ఉంది. "పడిందా అప్పా?" అని అడిగింది.

"పడింది. రంగు సరిచేసి తెస్తాను. చూశాక వాళ్ళే ఒప్పుకుంటారు" అన్నాను.

ఎవరూ కెమెరాను తాకలేదు, లెన్సూ బ్యాకూ కదల్లేదు. ఖాళీ చర్చిలో పలక అడ్డం పెట్టి తెల్ల ఫ్రేము తీసుకున్నాను.

మళ్ళీ ప్రొద్దుటూరు

ఖాదర్ అంతా విని, నేను ముందే చెప్పినా కదా అనలేదు. టీ తెప్పించాడు. తెల్ల ఫ్రేము చూపించగానే కంప్యూటరు ఆకుపచ్చనూ గులాబీనీ తుడిచేసింది. తూర్పు వీధి ముఖాలు నల్లగా, చామనఛాయగా, ఎండకు కమిలి, ఎలా ఉన్నవి అలా బయటికొచ్చాయి. పడమటి వీధి ముఖాలూ అవే రంగు. ఎవరు ఏ వీధో చెప్పడం ఎవరి తరమూ కాదు. పెద్ద సైజు ప్రింటు తీయించాను. ఈ ఒక్క కాగితం చూపిస్తే గొడవ చల్లారుతుందని నిజంగా నమ్మాను. గొడవ రంగు గురించే అనుకున్నాను మరి.

ఖాదర్ ప్రింటును గోడకు ఆనించి, నాయకుల ఫ్లెక్సీల పక్కన, చాలాసేపు చూశాడు. "రంగు శానా బాగొచ్చింది సార్. ఎవురి తట్టు వాళ్ళు మాత్రం అట్లనే కూర్చోనుండారు" అన్నాడు. ప్రింటుకు డబ్బు తీసుకోనన్నాడు.

చర్చి మెట్ల దగ్గర

ప్రింటును మెట్ల మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. రెండు వీధుల పెద్దలూ వచ్చారు, మెట్లకు చెరో పక్కన నిలబడ్డారు. ప్రకాశం వంగి ఒక్కొక్క ముఖమూ చూశాడు. "సరిగ్గా వచ్చింది. మొన్న ఏదో అనేసినాం, మనసులో పెట్టుకోవద్దప్పా" అన్నాడు. దానియేలుకు అన్న అయిన ముసలాయన కూడా తలూపాడు. నా గుండె తేలికపడింది. టీచరమ్మ వైపు చూశాను. ఆమె వాళ్ళనే చూస్తోంది, నాకంటే వాళ్ళు ఆమెకు బాగా తెలుసు.

"యాడ పెట్టేది దీన్ని?" అన్నాడు ప్రకాశం.

"చర్చిలో" అన్నాను.

"చర్చి మునిగిపోతాది గదప్పా. మా కాలనీలో మేం ఒకటి కట్టుకుంటాం, వాళ్ళ కాలనీలో వాళ్ళు కట్టుకుంటారు."

ఇంకొకటి తీయించి పంపిస్తాను, చెరొకటి ఉంచుకోండి అన్నాను. పడమటి ముసలాయన ఎంతో మర్యాదగా, "వద్దులే నాయనా, నీకెందుకు శ్రమ" అన్నాడు. "ఎన్ని తీసినా వాళ్ళ మొగాలు మా గోడ మీద పెట్టుకోం. మా మొగాలు వాళ్ళు పెట్టుకోరు. ఉన్నదాన్నే చెరిసగం చేసుకుంటాం." ప్రకాశం అవునన్నాడు. నేను చూస్తుండగా ఆ రెండు వీధులు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

దర్జీ ఇంటి నుంచి కత్తెర తెచ్చారు. అరుపులు లేవు, కోపాలు లేవు. కేకలేసినా బాగుండుననిపించింది నాకు. కత్తెర పట్టినాయన నడుమకు వచ్చి ఆగాడు. అక్కడ టీచరమ్మ ఉంది.

"టీచరమ్మను మీ తట్టు ఉంచుకోండి. మీ ఇంటి కోడలు గదా" అన్నాడు ప్రకాశం.

"మీ ఇంట పుట్టిన ఆడబిడ్డ. తన తమ్ముని పక్కనే ఉండనీ" అన్నాడు ముసలాయన.

ఆమె అక్కడే, మెట్టు మీద, వాళ్ళ మధ్యనే నిలబడి ఉంది. ఇద్దరూ ఆమె ముఖం చూసి మాట్లాడలేదు. నేనేదో అనబోయాను, ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. కత్తెర ఆయన ఆమెకు ఒక పక్కన ఒక కోత, ఇంకో పక్కన ఒక కోత కోశాడు. తూర్పు సగం చుట్టబోతుంటే టీచరమ్మ ఒక్కసారి ఇవ్వమని అడిగి, మొదటి వరసలో తమ్ముడి మడతల చొక్కా మీద బొటనవేలు ఆనించి, తిరిగి ఇచ్చేసింది. వాళ్ళు తూర్పుకూ పడమరకూ వెళ్ళిపోయారు.

మెట్ల మీద ఒక సన్నటి నడిమి ముక్క మిగిలింది. పొడుగ్గా, జానెడు వెడల్పున. అందులో ఖాళీ దారి, దూరంగా అసలు తలుపు, తెల్ల చీరలో టీచరమ్మ. మా లెన్సుకూ బ్యాకుకూ పేచీ రాని చోటు అదొక్కటే. ఆమె దాన్ని తీసుకుని దుమ్ము దులిపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"దీంట్లో కూడా రంగు మార్చినావా నాయనా?"

"లేదు టీచరమ్మా. నడుమ వెలుగు నిటారుగా పడుతుంది. అక్కడ మార్చాల్సింది ఏమీ లేదు, ఎట్ల పడిందో అట్లే ఉంది."

ఆమె ఆ ముక్కను చుట్టి చంకలో పెట్టుకుంది. చర్చికి తాళం వేసింది. తర్వాత పగలగొట్టిన తలుపు దగ్గరికి వెళ్ళి దానికీ వేసింది.

"నడుమ అంతా బాగనే ఉంటాదప్పా" అంది. "మనుషులే ఉండరు."